అక్షరాన్ని అక్షరంగా ఉండనివ్వండి

2022లో ఉగాది శనివారం పడింది. ఆ వెంటనే సోమవారం, ఏప్రిల్ 4న, మా చోడవరానికి జిల్లా మారింది. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకూ విశాఖపట్నం జిల్లా వాళ్ళం, ఆ పొద్దున అనకాపల్లి జిల్లా వాళ్ళమయ్యాం. ఊరు కదల్లేదు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఉన్నచోటే ఉన్నాయి. మారాల్సిందల్లా కాగితం మీదే. లెటర్‌హెడ్డు, బిల్లు పుస్తకం, రబ్బరు స్టాంపు, షాపు బోర్డు, బడి సర్టిఫికెట్టు, శుభలేఖలో చిరునామా... అన్నిట్లోనూ ఒక మాట తీసి ఇంకో మాట పెట్టాలి.

నాది డీటీపీ, ఫ్లెక్సు డిజైన్ల పని. ఆ వారం నా దగ్గరికి మొదట వచ్చింది ఒక బెల్లం వ్యాపారి. పాత లెటర్‌హెడ్డు బల్లమీద పెట్టి, "ఒక్క మాటే కదా బాబూ, మార్సీ. టీ తాగొచ్చీసరికి అయిపోద్ది కదేటి" అన్నాడు. అయిపోతుందనే నేనూ అనుకున్నాను.

ఫైలు తెరిచి జిల్లా పేరు మీద క్లిక్ చేశాను. కర్సరు రాలేదు. అక్కడున్నది మాట కాదు, బొమ్మ. వి మీద గుడి ఒక ముక్క, ట కింద నావత్తు ఒక ముక్క, చివరి సున్నా ఇంకో ముక్క. ప్రెస్సుకు పంపేముందు కర్వ్స్ చెయ్యడం, అంటే అక్షరాలను గీతలుగా మార్చెయ్యడం, మా వృత్తిలో అందరికీ అలవాటే. అవతలి కంప్యూటర్లో మన ఫాంటు లేకపోయినా అచ్చు చెడకూడదని చేస్తాం. నేను కర్వ్స్ చేసి, అసలు ఫైలు మీదే సేవ్ కొట్టేశాను. అది ఆరేళ్ళ కిందటి పని. ఏ ఫాంటులో చేశానో గుర్తు లేదు. గుర్తొచ్చినా ఆ ఫాంటు పాత కంప్యూటరుతోనే పోయింది. దగ్గర పోలిక ఉన్న ఇంకో ఫాంటులో 'అనకాపల్లి' అని పెడితే, పక్కనున్న 'చోడవరం'తో పొసగలేదు. పట్టుచీరకు నూలుగుడ్డ అతుకు వేసినట్టుంది. చివరికి లెటర్‌హెడ్డు మొత్తం మొదటి నుంచి టైప్ చేశాను. ఆయన టీ తాగొచ్చి, పేపరు చదివి, ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాడు. ఆ వారమంతా నాకు ఇదే పని.

డబ్బులు అడగడానికి నోరు రాలేదు. ఒక్క మాట మార్చినందుకు ఎంతని తీసుకోను? తప్పు నాది. చేసిన పనిని మళ్ళీ దిద్దుకునే వీలు లేకుండా తలుపులన్నీ నా చేత్తోనే మూసేశాను. ఆ తలుపు తెరిచి ఉంచడం ఎలాగో నేర్చుకోవడానికి నాకు ఆ వారం కావలసివచ్చింది. మీకు అంత అవసరం రాకూడదని ఈ అధ్యాయం రాస్తున్నాను. మీరు డిజైనర్లు కానక్కర్లేదు. బడిలో ప్రశంసాపత్రాలు తయారుచేసే మాస్టారు కావచ్చు, అమ్మవారి పండగకి ఫ్లెక్సు బాధ్యత నెత్తినపడ్డ కుర్రాడు కావచ్చు, పచ్చళ్ళ సీసాలకి లేబుళ్ళు వేసుకునే ఇల్లాలు కావచ్చు. తెలుగు మాట ఉన్న బొమ్మ ఏదైనా చేసేవాళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

ముందు ఒక విషయం అర్థం కావాలి. కంప్యూటరుకి అక్షరం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సంఖ్య, రెండోది ఆకారం. యూనికోడ్ 1991లో మొదటిసారి వచ్చినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. చ అంటే 3098, ఓత్వం 3147, డ 3105, వ 3125, ర 3120, సున్నా 3074. 'చోడవరం' అని మీరు టైప్ చేస్తే ఫైల్లో నిలిచేది ఈ ఆరు సంఖ్యలే. వాటిని చూసి ఏ ఆకారం గియ్యాలో ఫాంటు చెబుతుంది. ఫాంటు మార్చితే ఆకారం మారుతుంది, సంఖ్యలు మారవు. కర్వ్స్ చేసిన క్షణంలో ఆ ఆరు సంఖ్యలూ పోయి, గీతల వంపులు మిగులుతాయి. అప్పుడది చోడవరమని కంప్యూటరుకి తెలియదు, మనిషి కంటికి మాత్రమే తెలుసు.

తెలుగు డీటీపీకి దీనిమీద ఇంకో చిక్కు కూడా ఉంది. యూనికోడ్ మన చేతికి రాకముందు, ఎన్నో ఏళ్ళు, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లతోనే పని చేశాం. తలకట్టు ఒక గడిలో, వత్తు ఒక గడిలో. అచ్చు అందంగా వచ్చేది. ఆ ఫాంట్లు చేసినవాళ్ళ వల్లే తెలుగు పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు కంప్యూటరెక్కాయి, ఆ రుణం తీరేది కాదు. కానీ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస కనపడుతుంది. అందులో 'విశాఖపట్నం' అని వెతికితే దొరకదు. కాబట్టి కొత్తగా ఏ పని మొదలుపెట్టినా యూనికోడ్‌లోనే టైప్ చెయ్యండి. మీ వేళ్ళు పాత కీబోర్డుకి అలవాటుపడి ఉంటే మొదటి పదిరోజులు విసుగొస్తుంది. ఆ పదిరోజులూ ఓర్చుకోండి.

ఇక పనిముట్టు. నేను వాడేది ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేరు. సోడిపోడి అనే పాత ఉచిత సాఫ్ట్‌వేరు నుంచి నలుగురు డెవలపర్లు 2003లో విడిపోయి మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి చెక్కుతూ వచ్చారు. 1.0 వెర్షన్ 2020 మేలో వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు. చిన్న ఊళ్ళలో చాలా షాపులు దొంగ కాపీల మీద నడుస్తున్నాయి. నాదీ అలాగే నడిచింది. కంప్యూటరు పాడైతే ఆ కాపీ మళ్ళీ ఎక్కుతుందో లేదో, ఎవరైనా వచ్చి అడుగుతారేమో అనే బెంగ లోపల ఉండేది. ఇంక్‌స్కేప్‌కి వచ్చాక ఆ బెంగ పోయింది. నా దృష్టిలో పొదుపు కన్నా ఇది పెద్ద లాభం. ఇది దాచుకునే ఎస్‌వీజీ ఫైలు కూడా ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ 2001లో ఖరారు చేసిన బహిరంగ పద్ధతి అది.

కీబోర్డు మీద టీ నొక్కితే టెక్స్టు పనిముట్టు వస్తుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకచోట క్లిక్ చేసి టైప్ చేస్తే ఎంటర్ కొట్టేదాకా వరస సాగుతూనే ఉంటుంది. మౌసుతో పెట్టె గీసి టైప్ చేస్తే వరసలు ఆ పెట్టె అంచుకి వచ్చి వాటంతటవే తిరుగుతాయి. బోర్డు పేరు, చిరునామా, జిల్లా వంటి పొట్టి మాటలకి మొదటిదే వాడండి. కరపత్రంలో పేరా రాయాలంటే రెండోది. ఒకసారి రాసిన మాటను దిద్దాలంటే దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు, కర్సరు వచ్చి నిలబడుతుంది. ఫాంటు మార్చాలంటే కంట్రోల్, షిఫ్ట్, టీ.

మధ్యకి అమర్చే విషయంలో మా కుర్రాళ్ళు ఎప్పుడూ చేసే పొరపాటు ఒకటుంది. చిరునామాను ఎడమకి అమర్చి ఉంచి, కంటి అంచనాతో కాగితం మధ్యకి జరుపుతారు. చూడటానికి బాగానే ఉంటుంది. మరి 'విశాఖపట్నం' తీసి 'అనకాపల్లి' పెడితే మాట పొడవు మారుతుంది, వరస ఒక పక్కకి ఒరిగిపోతుంది. టైప్ చేసేముందే మధ్య అమరిక గుర్తు నొక్కి ఉంచితే, తర్వాత ఎంత పొడుగు మాట పెట్టినా రెండువైపులకీ సమంగా సర్దుకుంటుంది. రేపు ఈ మాట మారుతుందని ఇవాళే ఊహించి కట్టడమంటే ఇదే. ఫోను నంబరు మారుతుంది, ప్రెసిడెంటు మారతాడు, పండగ తేదీ మారుతుంది. మారే మాటలేవో ముందే పోల్చుకుని వాటిని విడిగా ఒక లేయర్‌లో, అంటే ఒక పొరలో, పెట్టండి. బొమ్మలు, అంచులు ఉన్న లేయర్‌కి తాళం వెయ్యండి. దిద్దేటప్పుడు దేవుడి బొమ్మ జరిగిపోయిందని గాబరా పడక్కర్లేదు.

వరసల మధ్య ఖాళీ తెలుగుకి తెలుగులా చూసుకోవాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం మనకి సరిపోదు. పై వరసలో 'స్త్రీ' కింద వేలాడే వత్తులు, కింది వరసలో 'శ్రీ' మీది గుడిదీర్ఘం ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇంక్‌స్కేప్ మామూలుగా ఇచ్చే ఎడం 1.25. నేను పేరాలకి 1.5 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి పెంచుతాను. అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి. ఇంగ్లీషు బోర్డుల్లో దూరదూరంగా పెట్టిన అక్షరాలు దర్జాగా ఉంటాయి గానీ, తెలుగు అలా విడదీస్తే పళ్ళూడిన నోరులా ఉంటుంది. ఆల్ట్ పట్టుకుని బాణం గుర్తులతో ఒక్కో అక్షరాన్ని చేత్తో జరిపే వీలుంది. దాన్ని ఫ్లెక్సు మీద పెద్ద పేరుకి తప్ప వాడకండి. అలా జరిపాక పేరు మార్చితే పాత జరుపుళ్ళు కొత్త అక్షరాల మధ్య అలాగే ఉండిపోతాయి. అప్పుడు టెక్స్టు మెనూలో 'రిమూవ్ మాన్యువల్ కెర్న్స్' నొక్కితే అన్నీ మొదటికి వస్తాయి.

ఒక పేరు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఒక పెద్దాయన మనవడి పెళ్ళి శుభలేఖ ప్రూఫు చేతికిస్తే చాలాసేపు చూసి, "మావోడి పేరేటి బాబూ ఇలా ముడిపడిపోనాది?" అని అడిగాడు. పేరు రాజ్‌కుమార్. కాగితం మీద 'రాజ్కుమార్' అని పడింది. జ కింద కవత్తు వేలాడుతోంది. నేను టైప్ చేసింది తప్పు కాదు. జ, పొల్లు, క వరసగా వస్తే యూనికోడ్ పద్ధతిలో అవి కలిసి సంయుక్తాక్షరం కావడమే న్యాయం. కలవొద్దని మనం చెప్పాలి. అలా చెప్పడానికి కంటికి కనపడని ఒక గుర్తుంది, దాన్ని పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య పెడతారు. ఇంక్‌స్కేప్‌లో కర్సరును పొల్లు తర్వాత నిలబెట్టి, కంట్రోల్, యూ నొక్కి, రెండు, సున్నా, సున్నా, ఆ తర్వాత ఇంగ్లీషు సీ కొట్టి ఎంటర్ నొక్కండి. కవత్తు పైకి లేచి క అవుతుంది, జ మీద పొల్లు నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్, ఫుట్‌బాల్, బ్యాంక్‌మిత్ర వంటివన్నీ ఇంతే. పెద్దాయన రెండో ప్రూఫు చూసి పేరు పైకి చదివాడు. మనవడి పేరు సరిగ్గా పడాలన్న ఆయన పట్టుదల మీద నాకు గౌరవం కలిగింది. ఊళ్ళో చాలామంది పేరు అచ్చులో చూసుకునేది జీవితంలో నాలుగైదు సార్లు. అది తప్పుపడితే దాన్ని చిన్న విషయం అనకండి.

ప్రెస్సుకు పంపే సంగతికి వద్దాం, నా తప్పు జరిగింది అక్కడే కదా. కర్వ్స్ చెయ్యడం తప్పు కాదు. అసలు ఫైలునే కర్వ్స్ చెయ్యడం తప్పు. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి కొడితే మాట గీతలైపోతుంది. చాలామంది అదే కొట్టి, సేవ్ చేసి, పంపేస్తారు. ఆ అవసరమే లేదు. ఫైలు మెనూలో 'సేవ్ ఎ కాపీ'కి వెళ్ళి పీడీఎఫ్ ఎంచుకోండి. ఒక చిన్న కిటికీ తెరుచుకుని, అక్షరాలను ఏం చెయ్యమంటావని అడుగుతుంది. ఫాంట్లను లోపల పొదగమనడం ఒకటి, అక్షరాలను గీతలుగా మార్చమనడం ఇంకొకటి. రెండోది నొక్కండి. గీతలుగా మారేది ప్రెస్సుకు వెళ్ళే పీడీఎఫ్‌లోనే, మీ ఎస్‌వీజీలో చోడవరం ఆరు సంఖ్యలుగానే ఉంటుంది. రెండు ఫైళ్ళూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. పక్కనే 'ఫాంట్లు' అని ఇంకో ఫోల్డరు చేసి, ఆ పనికి వాడిన ఫాంటు ఫైళ్ళు అందులో కాపీ చెయ్యండి. కొత్త కంప్యూటరు కొన్నరోజు ఈ ఫోల్డరు విలువ తెలుస్తుంది.

ఫాంట్లంటే గుర్తొచ్చింది, వీటికీ ఇప్పుడు దొంగదారి తొక్కక్కర్లేదు. సిలికానాంధ్ర సంస్థ వాళ్ళు తెలుగుకి వరసగా ఫాంట్లు చేయించి ఉచితంగా వదిలారు. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సూరన్న, పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ... అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంటు ఫైలు ప్రెస్సు వాళ్ళకి పంపచ్చు. బోర్డులకి రామభద్ర లావుగా దూరానికి కనపడుతుంది, పేరాలకి మండలి కంటికి హాయి. గురజాడ పుట్టింది మన పక్కనే, ఎస్. రాయవరంలో. ఆయన పేరున్న ఫాంటులో మా ఊరి శుభలేఖలు వేస్తుంటే నాకు ఏదో తృప్తిగా ఉంటుంది.

ఇప్పటికే కర్వ్స్ అయిపోయిన పాత ఫైళ్ళ సంగతి అడుగుతారు. నిజం చెప్పాలి, వాటిని వెనక్కి తేలేం. గీతలను మళ్ళీ అక్షరాలు చేసే మంత్రం ఇంక్‌స్కేప్‌లో లేదు. 'ట్రేస్ బిట్‌మ్యాప్' అనేది ఫొటోను గీతలు చేస్తుంది, అక్షరాలు చెయ్యదు. పీడీఎఫ్ ఉంటే తెరిచి చూడండి. ఫాంటు పొదిగిన పీడీఎఫ్ అయితే మాటలు మాటలుగా వచ్చే వీలుంది. కానీ తెలుగులో వత్తులు, గుణింతాలు చెదిరిపోవడమే ఎక్కువ. చెదిరినవి ఏరుకుంటూ కూర్చునే కన్నా, పాత డిజైనును కింద లేయర్‌లో మసకగా పెట్టి తాళం వేసి, దానిమీద కొత్తగా టైప్ చెయ్యడం త్వరగా తేలుతుంది. అన్నీ ఒక్కసారి చెయ్యాలని కూర్చోకండి. ఏ పని మళ్ళీ తలుపు తడితే ఆ పని చెయ్యండి. నేను అలాగే రెండేళ్ళలో సగానికి పైగా మార్చుకోగలిగాను. ఇంక్‌స్కేప్ చెయ్యలేనివీ కొన్నున్నాయి. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ప్రింటింగుకి రంగులు విడదీసి ఇవ్వాలంటే దాని బలం చాలదు. దానికి స్క్రైబస్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేరు చూడండి.

ఈ అధ్యాయం పక్కన పెట్టేముందు ఒక పని చెయ్యండి. ఇంక్‌స్కేప్ తెరిచి, యూనికోడ్‌లో మీ పేరు, మీ ఊరు, మీ జిల్లా మూడు వరసల్లో, మధ్య అమరిక పెట్టి, కాగితం మధ్యలో టైప్ చేసి ఎస్‌వీజీగా దాచండి. కుదించిన రకం కాదు, 'ఇంక్‌స్కేప్ ఎస్‌వీజీ'. కాపీ ఒకటి తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట బెదురు పుడుతుంది, కోణాకారపు బ్రాకెట్లు, అంకెలు, ఇంగ్లీషు. అక్కడక్కడ సోడిపోడి అనే మాట కూడా కనపడుతుంది. ఇంక్‌స్కేప్ తన పుట్టింటి పేరు ఇలాంటి ప్రతి ఫైల్లోనూ ఇంకా మోస్తూనే ఉంది. కిందకి వెళ్తూ ఉండండి. ఆ గుర్తుల మధ్య, మీరు రాసింది రాసినట్టు, తెలుగులో మీ జిల్లా పేరు ఉంటుంది. దాన్ని అక్కడే, నోట్‌ప్యాడ్‌లోనే, ఇంకో జిల్లాగా మార్చి సేవ్ చేసి, మళ్ళీ ఇంక్‌స్కేప్‌లో తెరవండి. అదే ఫాంటులో, అదే రంగులో, కాగితం మధ్యలో కొత్త జిల్లా పేరు ఉంటుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో అయితే ఒక ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళన్నిట్లోనూ ఒకేసారి ఈ మార్పు చెయ్యచ్చు. ముందు ఫోల్డరు మొత్తం కాపీ తీసి పెట్టుకోండి. వెతికేటప్పుడు ఒట్టి 'విశాఖపట్నం' అని ఇవ్వకండి, 'విశాఖపట్నం జిల్లా' అని రెండు మాటలూ ఇవ్వండి. లేకపోతే విశాఖపట్నంలో బ్రాంచి ఉన్న షాపు చిరునామా కూడా అనకాపల్లికి వచ్చేస్తుంది. మీ పాత ఫైళ్ళలో ఒకచోట 'విశాఖ జిల్లా' అని, ఇంకోచోట 'విశాఖపట్టణం' అని ఉంటే ఒక్కోదానికీ విడిగా వెతకండి. ఇకనుంచి ఏ ఊరినైనా, ఏ జిల్లానైనా ఒక్కలాగే రాయాలని ఒక చీటీ మీద రాసి మానిటరు అంచుకి అంటించుకోండి. నా మానిటరుకి ఉన్న చీటీ మీద పదకొండు మాటలున్నాయి, పై వరసలో చోడవరం, దాని కింద అనకాపల్లి జిల్లా.